మేకల తడిక

బక్రీదు మరునాడు పొద్దున ఇమాంసాబ్ లేవలేదు. బద్ధకం కాదు. కళ్ళు తెరిచే ఉన్నాడు, మాట తేటగానే ఉంది, మెడ కిందున్న ఒళ్ళు మాత్రం ఎవరిదో అన్నట్టు మంచంమీద పడి ఉంది.

"రమీజా, నా కాళ్ళమింద ఏమన్నా పెట్టినావామే?"

"ఏం పెడతానయ్యా?"

"మరి కదలవేంటికి?"

రమీజా దుప్పటి లాగి చూసింది. ఏమీ లేదు. అతని చెయ్యి పట్టుకుని ఎత్తి వదిలింది. తడిగుడ్డలాగా మంచంపట్టెకు తగిలి కిందికి వేలాడింది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా విల్లు పట్టి దూది ఏకినా అలుపన్నది ఎరగని చెయ్యి అది. కుందుర్పి చుట్టుపట్ల ఏ ఇంట్లో కొత్త పరుపు ఉన్నా ఆ చేతిమీదుగా పోయిందే. అటువంటి చెయ్యి ఇప్పుడు అలా వేలాడుతోంది. రమీజా చంకలో ఉన్న రెండేళ్ళ కూతురు మాబీని గట్టిగా అదుముకుంది.

రంజాను తర్వాత కూడా ఒక పొద్దున ఇలాగే అయింది. అప్పుడు మధ్యాహ్నానికి తనంతట తనే లేచి తిరిగాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు, మరిచిపోయారు. ఇప్పుడు తాయెత్తు మెడలోనే ఉంది, మనిషి మాత్రం మంచంలోనే ఉన్నాడు.

"మళ్ళీ సోకినాది నా కొడుక్కి" అంటూ అత్త జుబేదాబీ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. బెల్లం దంచి చిక్కటి పానకం కలిపింది. పండగకని తెచ్చిన బియ్యంలో మిగిలినవి కడిగి ఎసట్లో పోసింది. ఆ ఊళ్ళో వరి అన్నం రోజూ తినేది కాదు. రాగులో, కొర్రలో, జొన్నలో, వాన కరుణించి ఏది పండితే అది సంగటి. తెల్లటి బువ్వ పండగకు, పెళ్ళికి, ఇక జబ్బుపడిన మనిషికి. జబ్బు మనిషి నోట్లో బెల్లం వేసి పిసికిన బువ్వ పెట్టడం కంటే ఎక్కువ ప్రేమ ఆ ఊరికి తెలియదు. రమీజా కూడా తన చేత్తోనే ముద్ద ముద్దగా తినిపించింది. పానకం చెంబు ఖాళీ అయింది.

కాసేపటికి ఇమాంసాబ్ మెడ కూడా దిండుమీద నుంచి లేవనంది.

పక్కింటి ఎర్రన్న గొర్రెల్ని తోలుకుపోతూ గుమ్మంలోంచి తొంగి చూశాడు. చూసి కర్ర గోడకానించి లోపలికొచ్చాడు.

"ఏమప్పా సాయిబూ, పండగ కూర ఇంకా అరగలేదా?"

"నవ్వొద్దన్నా. ఒళ్ళు లేదు నాకు."

ఎర్రన్న నవ్వు ఆగిపోయింది. ఇమాంసాబ్ చేతిని తనూ ఎత్తి వదిలి చూశాడు. "అమ్మా జుబేదక్కా, తాయెత్తులు చాలు. అనంతపురం బస్సుకు పోతాండాము. మే రమీజా, పిల్లను మీ అత్త కాడ ఇడిసి బిన్నా రా" అన్నాడు. ఇమాంసాబ్‌ను మూటలాగా భుజానేసుకుని రోడ్డుమీదికి నడిచాడు. తాగి పడిపోయాడనుకుని బస్సు కండక్టరు ఎక్కించుకోనన్నాడు. "తాగింది పానకమప్పా! వాసన సూడు కావాలంటే" అని ఎర్రన్న ఇమాంసాబ్ నోరు అతని ముక్కు దగ్గరికి తెచ్చేసరికి నోరుమూసుకుని సీటు చూపించాడు.

ఆసుపత్రిలో వాళ్ళను చూసిన డాక్టరు పేరు దివాకర్. మద్రాసులో చదివొచ్చిన కుర్రవాడే గానీ పుట్టింది శింగనమల చెరువు కింద సేద్యం చేసే ఇంట్లో, అందుకే మాట వాళ్ళ మాటలాగే ఉంది. ఇమాంసాబ్ మోకాలి చిప్ప కింద చిన్న రబ్బరు సుత్తితో కొట్టాడు. కాలు ఉలకలేదు. పలకలేదు. తన మోకాలిమీద కొట్టుకుని, కాలు ఎగరడం వాళ్ళకు చూపించాడు. గుండె కొట్టుకోవడాన్ని కాగితంమీద గీసే యంత్రం తెప్పించి గీయించి, ఆ గీతల్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"పండగ ముందర ఏం పని చేసినాడమ్మా?"

"పరుపుల పని సారూ. పండగలోపల ఇయ్యాలని ఎడతెగకుండా ఏకినాడు."

"పండగనాడు ఏం తిన్నాడు?"

"అందరూ తినేదే సారూ. బువ్వ, కూర, సేమ్యా పాయసం. తిని పండుకున్నాడు."

"ఈ పొద్దు?"

"లేవలేకుండా ఉంటే పానకం ఇచ్చి, బెల్లం బువ్వ పెట్టినాము."

"పెట్టినాక తగ్గిందా, పెరిగిందా?"

రమీజా పొద్దుటిది వరసగా తలచుకుంది. ఆ ప్రశ్న తనను తాను ఎప్పుడూ అడగలేదు. పానకానికి ముందు మెడ లేచింది. పానకం తర్వాత లేవలేదు. "పెరిగింది సారూ" అంది.

డాక్టరు తల పంకించి, తెల్లటి ఉప్పులాంటి మందు నీళ్ళలో కలిపి ఇమాంసాబ్‌తో తాగించాడు. ఆగి మళ్ళీ తాగించాడు. పొద్దు వాలేసరికి ఇమాంసాబ్ మోకాలిమీద సుత్తి పడితే కాలు కొద్దిగా ఎగిరింది. తర్వాత వేళ్ళు కదిలాయి. దీపాలు పెట్టే వేళకు లేచి కూర్చుని "ఎంత చేదు సారూ ఈ నీళ్ళు!" అని మొహం చిట్లించాడు. రమీజా కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపయ్యాక అడగాల్సింది అడిగింది.

"ఏమైంది సారూ ఈయనకు? గాలి కాదా?"

డాక్టరు, భుజాన గొంగడి ఉన్న ఎర్రన్న వైపు తిరిగాడు. "అన్నా, నీ గొర్రెల దొడ్డికి ఎన్ని తడికలుండాయి?"

"వాకిలి ఒకటే, తడికా ఒకటే సారూ."

"రెండుండాయనుకో. ఒకదాంట్లో గొర్రెలే దూరతాయి, మేక దూరలేదు. ఇంకోదాంట్లో మేకలే దూరతాయి, గొర్రె దూరలేదు."

"అట్లాంటి తడిక యాడ దొరుకుతుంది సారూ? నాకూ ఒకటి కావల్ల. పొద్దుగూకులూ ఏరలేక సస్తాండా."

"నీ ఒంట్లోనే ఉండాయి, లెక్కలేనన్ని." డాక్టరు నవ్వి మంచం అంచున కూర్చున్నాడు. కండ అంటే ఒకే ముద్ద కాదనీ, సన్నటి పోగులనీ, ఒక్కో పోగుకు చుట్టూ పలచటి పొర ఉంటుందనీ చెప్పాడు. ఆ పొరే దొడ్డి కంచె. కంచె లోపల మేకలు కిక్కిరిసి ఉంటాయి, అది పొటాషియం అనే ఉప్పు. కంచె బయట గొర్రెలు, అది మనం కూరలో వేసుకునే ఉప్పులోని సోడియం. కాలు ఎత్తమని మెదడు నుంచి పిలుపు రాగానే గొర్రెల తడిక లేస్తుంది, గొర్రెలు బిలబిలమని లోపలికి పడతాయి, కండ బిగుస్తుంది. ఆ వెంటనే గొర్రెల తడిక పడిపోయి మేకల తడిక లేస్తుంది. కొన్ని మేకలు బయటికి పోతాయి. అవి పోతేనే కంచె నెమ్మదించి, ఇంకో పిలుపు వినడానికి సిద్ధమవుతుంది. మేకల తడికా పడిపోతుంది. ఇదంతా రెప్ప వేసేలోపల జరిగిపోతుంది. ఆ తర్వాత కాపరి తీరిగ్గా గొర్రెల్ని బయటికీ మేకల్ని లోపలికీ తోలుకుంటాడు.

"తడిక తీసేదెవరు సారూ?" అంది రమీజా.

"ఎవరూ తీయరమ్మా. కంచె లోపలికీ బయటికీ రొంత కరెంటు తేడా ఉంటుంది, టార్చిలైటు బ్యాటరీ ఉండాది చూడు, అట్ల. దానికంటే శానా తక్కువ. ఆ తేడా మారితే తడిక లేస్తుంది. మళ్ళీ మారితే పడుతుంది."

"మరి ఈయనకు?"

"ఒళ్ళు హూనమయ్యేట్టు పనిచేసి, కడుపునిండా బువ్వా తీపీ తిని పండుకుంటే, ఈయన నెత్తుర్లో తిరిగే మేకలన్నీ పోయి దొడ్లో దూరతాయి. బయట మేకలకు కరువొస్తుంది. కంచె కాడ కరెంటు తప్పుతుంది. పిలుపొస్తుంది, తడికలు లేవవు. కండ చావలేదు, జబ్బు పడలేదు. పిలుపు వినపడక ఊరికే ఉండాది, అంతే. దానికి మీరు ఇంకా పానకం పోసినారంటే ఉన్న నాలుగు మేకల్నీ లోపలికి తోలినట్టు."

"మీరు సూసినారా సారూ ఆ తడికల్ని?"

"నేనే కాదు, ఎవరూ చూడలేదు. ఇంగ్లండులో ఒక సముద్రపు జీవి నరంమీద కరెంటు కొలిచి, లెక్కకట్టి, తడికలు ఉండి తీరాలంటాండారు. అవి ఎట్లుంటాయో ఇంకా తెలీదు. కొందరికే ఇట్ల ఎందుకవుతుందో అదీ తెలీదు."

ఆ మాటతో రమీజాకు అతనిమీద గురి కుదిరింది. తాయెత్తు కట్టినవాళ్ళెవరూ తమకు తెలియనిది ఒకటుందని ఎప్పుడూ ఒప్పుకోలేదు. తను చదివింది ఐదో తరగతి వరకే. చెల్లెల్ని ఎత్తుకోవడానికి బడి మాన్పించారు. లెక్కలు మాత్రం తనకు బాగా వచ్చేవి. కంటికి కనపడనిది లెక్కలో తేలుతుందంటే ఆమెకు వింతనిపించలేదు.

"మీ వాళ్ళలో ఇంకెవరికన్నా ఇట్ల అయ్యిందా?" అని డాక్టరు అడిగాడు.

"మా నాయన" అన్నాడు ఇమాంసాబ్. "నేను పసోణ్ణి. పెండ్లి బువ్వ తిని పండుకున్నాడంట. తెల్లారి లేవలేదు. మాయమ్మ పానకం తాపుతానే ఉన్నిందంట. ఆ పొద్దే పోయినాడు."

డాక్టరు మందు సీసా తెప్పించి రమీజా చేతికిచ్చాడు. సీసాకు మోతాదు గీతలు కత్తిరించిన కాగితం పట్టీ అంటించి ఉంది. "మళ్ళీ పడిపోతే ఒక గీత మందు అర గ్లాసు నీళ్ళలో. అరగంటాగి ఇంకో గీత. తగ్గలేదని తొందరపడి రెండు గీతలు ఒకేసారి పోసినావంటే గుండె ఆగుతుంది. గుండె కూడా కండే, దానికీ తడికలుండాయి. బయట మేకలు ఎక్కువైనా తడికలు చెడతాయి. మోకాలు ఎగిరిందంటే ఇంక మందు ఆపెయ్. మూడు గీతలకూ తగ్గకపోతే ఎక్కువ పొయ్యొద్దు, ఈడికి తీసుకరా. తీపి ముట్టనియ్యొద్దు."

"అరగంటంటే? మా ఇంట్లో గడియారం లేదు సారూ."

డాక్టరు తల గోక్కున్నాడు. "సంగటి ఎంతసేపు కెలుకుతావు? ఎసరు పెట్టినకాడ్నించి ముద్ద దించేదాకా?"

"అంతే అయితాది, అరగంట" అన్నాడు ఎర్రన్న.

"అయితే ఒక కుండ సంగటికి ఒక గీత."

బయటికొచ్చే ముందు ఆమె వెనక్కి తిరిగి, ఇమాంసాబ్‌కు వినపడకుండా అడిగింది. "నాకొక కూతురుంది సారూ." డాక్టరు అబద్ధం చెప్పలేదు. రావచ్చు, రాకపోవచ్చు, వస్తే వయసొచ్చేటప్పుడు వస్తుంది, ఆడపిల్లలకు తక్కువ. "వచ్చినా, ఏం చేయాల్నో తెలిసిన తల్లి ఉండాది గదా" అన్నాడు. ఆ మాట ఆమె దారిపొడుగునా పట్టుకుని కూర్చుంది, బస్సు కుదుపులకు ఎక్కడ జారిపోతుందో అన్నట్టు.

పీర్ల పండగ నెల తిరక్కుండానే వచ్చింది. పెద్ద పీరును ఎత్తేది తరతరాలుగా ఇమాంసాబ్ ఇంటివాళ్ళే. పీరెత్తినవాడు అగ్గిగుండం తొక్కి ఊరంతా తిరగాలి, ప్రతి గడప దగ్గరా ఇంటామె ఇచ్చే పానకం తాగాలి. వద్దంటే ఆ ఇంటిని కాదన్నట్టే. సాయిబుల ఇళ్ళని లేదు, కాపుల ఇళ్ళని లేదు, చెంబు పట్టుకుని అందరూ గుమ్మాల్లో నిలబడతారు.

"పెదివికి తాకిచ్చి ఇడిసెయ్యి" అని రమీజా ముందే మాట తీసుకుంది. "పండగైనాక బిన్నా పండుకోవద్దు. రొంత సేపు నాతో మాట్లాడుకుంటా తిరుగు."

"నీతో మాట్లాడేదానికంటే అగ్గిగుండమే మేలు" అన్నాడు ఇమాంసాబ్, కానీ ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నవాడు మొదటి వీధి దాకా మాట నిలబెట్టుకున్నాడు. జూన్ ఎండ, నిప్పుల సెగ, భుజాన పీరు, నాలుక పిడచగట్టిన దాహం. రెండో వీధిలో ఒక ముసలామె చేతులు వణుకుతుంటే చెంబు ఎత్తి పట్టుకుని "తాగు నాయనా" అంది. ఇమాంసాబ్ గటగటా తాగేశాడు. ఆ తర్వాత లెక్క తప్పింది. ఇంటికొచ్చి జుబేదాబీ పెట్టిన తీపి మలీదా, బువ్వా తిన్నాడు, రమీజా పిల్లను నిద్రపుచ్చి వచ్చేలోగా గోడకానుకుని నిద్రపోయాడు. లేపితే "రేపు తిరుగుతాలేమే" అన్నాడు.

తెల్లవారి లేవలేదు.

"రమీజా" అన్నాడు. ఈసారి గొంతు కూడా పలచగా ఉంది. "తప్పయిపోయింది. తడికలు పడిపోయినాయి."

ఆమె లేచి, సీసాను దీపపు గూట్లోంచి తీసింది. ఒక గీత. అర గ్లాసు నీళ్ళు. తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో నెమ్మదిగా పోసింది. పోసి, పొయ్యి రాజేసి, కుండలో ఎసరు పెట్టింది.

జుబేదాబీ పీర్ల చావిడి ఊడ్చి ఇంటికొచ్చేసరికి కోడలు పొయ్యి ముందు కూర్చుని కట్టె తెడ్డుతో సంగటి కెలుకుతోంది, కొడుకు మంచంలో కట్టెలాగా ఉన్నాడు.

"ఏమే! నా కొడుకు సస్తాంటే నువ్వు సంగటి కెలుక్కుంటాండావా? నీ కడుపు కాల!"

"ఇది గడియారం అత్తా. ముద్ద దిగితే మందు ఇయ్యాల."

"పిచ్చిగాని పట్టిందేమే నీకు?" జుబేదాబీ ఆగలేదు. బెల్లం ముంత తీసింది, చెంబులో నీళ్ళు పోసింది. కలుపుతూనే మంచం దగ్గరికి నడిచింది. రమీజా తెడ్డు వదిలి అడ్డం నిలబడింది. అత్తకు ఎదురు నిలబడటం ఆమెకు ఇదే మొదలు.

"వద్దత్తా. పానకం తాపితే ఇంకా బిగుసుకుంటాది."

"నువ్వు పుట్టకముందు నుంచీ తాపుతాండా నేను!"

వాకిట్లో అప్పటికే జనం చేరారు. ఎర్రన్న వచ్చి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. మొదటి ముద్ద దిగింది. రమీజా రెండో గీత పోసింది. మోకాలి కింద అరచేతి అంచుతో కొట్టి చూసింది. ఏమీ లేదు. రెండో కుండకు ఎసరు పెట్టింది.

"అన్నా, ఈ సంగటి ఏం చేస్తాము?" అంది ఎర్రన్నతో.

"ఇంత మందిమి ఉండాము గదా. పెట్టు, తింటాము" అన్నాడు ఎర్రన్న. ఏడవడానికొచ్చిన ఆడవాళ్ళు ఏం చేయాలో తోచక తలా ఒక ముద్ద, దానిమీద ఊరిమిండి పచ్చడి పెట్టించుకుని కూర్చున్నారు.

రెండో కుండ ఉడుకుతుండగా ఇమాంసాబ్ శ్వాస చిన్నదైంది. గుండెలు పైకి లేవడానికే ఆలోచిస్తున్నట్టున్నాయి. "రమీజా... ఇంకొంచెం పోయ్" అన్నాడు. సీసా ఆమె చేతిలోనే ఉంది. ఒక్క గీత ఎక్కువ పోస్తే ఏమవుతుందిలే అని చెయ్యి లాగింది. రెండు గీతలు ఒక్కసారిగా పోస్తే ఈ నరకం అయిపోతుందని మనసు లాగింది. కుండలో పిండి ఇంకా పచ్చివాసన కొడుతోంది. ముద్ద కాలేదు. ఆమె సీసా మూత బిగించి కిందపెట్టి, తెడ్డు అందుకుని కెలికింది. భుజాలు నొప్పి పుట్టేలా కెలికింది గానీ తొందరగా మాత్రం దించలేదు.

అప్పుడు వెనకనుంచి జుబేదాబీ గొంతు వినిపించింది. అరుపు కాదు.

"మే రమీజా. పానకం అంత చెడ్డదైతే... ఆ పొద్దు నేను ఆయనకు..."

చెంబు ఆమె చేతిలోనే ఉంది. ఇరవై ఏళ్ళనాటి ఒక పొద్దు ఆమె కళ్ళముందు నిలబడి ఉందని రమీజాకు అర్థమైంది. అత్త ఇంతసేపూ పోట్లాడింది తనతో కాదు.

"ఆ పొద్దు ఈ తడికల సంగతి లోకంలో ఎవురికీ తెల్దత్తా" అంది రమీజా, తెడ్డు ఆపకుండా. "డాక్టర్లకే తెల్దు. వాళ్ళు లెక్క కట్టింది మొన్న మొన్న. ఉండే దాంట్లో మంచిది నువ్వు పెట్టినావు. మా మామ పక్కన నువ్వుండి పెట్టినావు. ఇప్పుడు మనకు ఒక ముక్క ఎక్కువ తెలిసింది, అంతే."

జుబేదాబీ చెంబు గోడవార పెట్టి, పొయ్యి దగ్గరికొచ్చి కూర్చుంది. "పక్కకు జరుగు. నీకు సంగటి కెలకడం ఎప్పుడొచ్చింది? ఉండలు కడతాండాది" అని తెడ్డు లాక్కుంది. ఆమె చేతిలో ముద్ద నున్నగా తిరిగి, కుండకు అంటకుండా లేచింది.

"దిగింది. పోయ్ మందు" అంది.

మూడో గీత. అర గ్లాసు. నీళ్ళు ఒలకకుండా పట్టుకోవడానికి రమీజా రెండు చేతులూ వాడింది. మూడో కుండకు ఎసరు జుబేదాబీయే పెట్టింది. వాకిట్లో ఎవరో "ఇంకా సంగటి వస్తుందా, మా ఇంట్లో వాళ్ళనూ పిలుస్తా" అంటే ఎర్రన్న వాణ్ణి కసిరాడు.

మూడో ముద్ద దిగకముందే రమీజా ఉండబట్టలేక ఇమాంసాబ్ మోకాలు ఎత్తి తన చేతిమీద పెట్టుకుని, చిప్ప కింద కొట్టింది. కాలు ఎగరలేదు. కానీ తొడమీది కండ, నీళ్ళలో చిన్న చేప తిరిగినట్టు ఒకసారి మెదిలింది. ఆమె ఊపిరి బిగబట్టి మళ్ళీ కొట్టింది. మళ్ళీ మెదిలింది.

"ఎర్రన్నా! మేకలు బయటికొస్తాండాయి!" అని అరిచింది. వాకిట్లో కూర్చున్నవాళ్ళలో కొందరు నిజంగానే దొడ్డివైపు తిరిగి చూశారు.

ఇంకో గీత పొయ్యలేదు. డాక్టరు చెప్పింది గుర్తుంది: మొదలైందంటే ఆగాలి. ఆగడమే కష్టమైన పని. ఇమాంసాబ్ కాలివేలు కదిలింది, చాలాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత మడమ పరుపుమీద గీరింది. ఊపిరి నిండుగా లోపలికి పోయింది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి మోచేతిమీద ఆనుకుని లేచాడు. వాకిట్లో ఆకుల్లో సంగటి తింటున్న ఊరు ఊరంతటినీ చూశాడు.

"ఎవురు సచ్చినారు?"

"నువ్వేప్పా" అన్నాడు ఎర్రన్న, వేళ్ళు నాకుతూ. "దినం కూడా అయిపోయింది. సంగటి బాగుండాది."

"నాకేమన్నా మిగిలిందా?"

జుబేదాబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రమీజా లేచి, చివరి కుండలోంచి ముద్ద తీసి గిన్నెలో వేసింది. మంచం దగ్గరికి మాత్రం తీసుకుపోలేదు. పొయ్యి దగ్గరే కింద పెట్టి కూర్చుంది.

"మిగిలింది. వచ్చి తిను" అంది.

ఇమాంసాబ్ కాళ్ళు కిందికి దించాడు. గోడ పట్టుకున్నాడు. ఒక అడుగు వేసి ఆగాడు, పాదానికి పిలుపు అందిందా లేదా అని వింటున్నట్టు. తర్వాత ఇంకొకటి వేశాడు. రమీజా లేవలేదు, చెయ్యి చాపలేదు. అతను వచ్చేదాకా అలాగే కూర్చుని, ముద్ద చల్లారకుండా గిన్నెమీద మూత పెట్టింది.